తలుపులు తీసి, ఫ్యాన్లు వేసి

హఫీజ్‌పేట్,
బుధవారం, 10 ఫిబ్రవరి 1999

ప్రియమైన నాన్నగారికి, మీ జాయ్స్ వందనాలతో రాసేది.

ఆదివారం ఫోనులో "అంతా బాగానే ఉంది" అన్నాను కదా, అది అబద్ధం. ఎస్టీడీ బూతులో మీటరు ఎర్రగా పరుగెడుతుంటే, వెనక ఇద్దరు వంతు కోసం నిలబడి గొంతులు సవరించుకుంటుంటే, ఇలాంటి సంగతి నోట్లోంచి రాదు. అందుకే ఉత్తరం. కూర్చుని చదవండి. తిట్టండి, కానీ చివరిదాకా చదివాకే తిట్టండి.

నా ఉద్యోగం సంగతి మీకు సగమే తెలుసు. "మా అమ్మాయి ఐసుతో మిషన్లు కడిగే కంపెనీలో పనిచేస్తోంది" అని ప్రెస్సులో అందరికీ చెప్పుకుంటున్నారట. కడగడం కాదు నాన్నగారూ, అసలు నీళ్ళే ఉండవు. సోడా కొట్టగానే బుసబుసమంటూ వచ్చే గాలి ఉంది చూడండి, దాన్ని గడ్డకట్టించి బియ్యపు గింజలంత చేస్తారు. అదే డ్రై ఐస్. ఆ గింజల్ని కంప్రెసర్ గాలితో గొట్టంలోంచి కొడితే, జనరేటర్ల మీద ఏళ్ళ తరబడి పట్టిన మసీ జిడ్డూ పెచ్చులుగా ఊడి కింద పడతాయి. గింజ మాత్రం తగిలిన చోటే మాయమై గాలిలో కలిసిపోతుంది. పెచ్చులు చీపురుతో ఊడ్చుకుంటే పని అయిపోయినట్టే. తడి లేదు, ఇసుక లేదు, కాలవలోకి వదలాల్సిన మందునీళ్ళు లేవు. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ ఆఫీసుల వాళ్ళకి కావలసింది అదే.

ఈ పని గురించి నేను ఎంత గొప్పలు పోయేదాన్నో! మిషనును చూసి కాదు, సాయిలన్నను చూసి. సాయిలన్న మా దగ్గర గొట్టం పట్టే మనిషి. పుప్పాలగూడ సొంత ఊరు, నలభై దాటాయి. ఇంతకుముందు పదకొండేళ్ళు ఒక ఫ్యాక్టరీలో ఇసుక కొట్టి ఇనుముకి తుప్పు వదిలించేవాడు. ఆ పొడి పీల్చి పీల్చి తోటివాళ్ళు ఇద్దరు ఊపిరితిత్తులు చెడి చనిపోయారట. తర్వాత ఇంకోచోట మందు పోసి జిడ్డు కడిగే పని. "ఆ నీళ్ళు పొయ్యి చెర్వుల కలిసినయ్ మేడమ్. చేపలన్ని తెల్లగ తేలినయ్. కడిగింది నేనే కద, నేనే సంపినట్టు" అని ఒకసారి చెప్పాడు. మా దగ్గరికి వచ్చాక ఆయన దగ్గు తగ్గింది. "గిది మంచి పని. పొద్దుగాల ఎట్ల వోతనో పొద్దుమీకి గట్లనే ఇంటికొస్త" అనేవాడు. మా యజమాని ఫిలిప్ అన్న, అదే, మీరు వచ్చినప్పుడు చర్చిలో కలిసిన పొడుగాటాయన, కొత్త కస్టమర్లకి ఆ మాటే చెప్పేవాడు.

ఆ సాయిలన్నను నేను చంపినంత పని చేశాను.

ఈ డ్రై ఐస్ గాలికి ఒకటే పెంకితనం. మామూలు గాలికన్నా బరువు. ఆరుబయట ఏ బాధా లేదు. మూసిన చోట మాత్రం నేలమీద పేరుకుని, మనం పీల్చే గాలిని పైకి తోసేస్తుంది. కనపడదు, వాసన రాదు, మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. అందుకని నేలకింది గదుల్లో పని చేస్తే లోపలి గాలిని లాగి బయటికి పంపే ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఆ ముక్క ఉంది, తలుపులు, ఎగ్జాస్టులు ఎప్పుడూ ఓపెన్‌గా ఉంచాలని. ఫిలిప్ అన్న ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారు ప్రూఫ్ రీడరు కదమ్మా, చక్కటి తెలుగులో రాసి బోర్డు చేయించు" అన్నాడు. పొంగిపోయాను. పది నిమిషాల్లో రాసేశాను. మదీనాగూడ పెయింటరు చేత తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో వేయించాను. అందులో నాలుగో లైను ఇది:

"పని జరిగినంతసేపూ తలుపులు, ఫ్యాన్లు తీసి ఉంచాలి."

మీ కన్ను ఈపాటికి పట్టేసే ఉంటుంది. తలుపు తీయడమంటే తెరవడం. మరి ఫ్యాను తీయడమంటే? ఆపెయ్యడం! "ఫ్యాను తీసెయ్యవే, కరెంటు దండగ" అని అమ్మ రోజుకి పదిసార్లు అరుస్తుంది కదా. తలుపు వేస్తే మూసుకుంటుంది, ఫ్యాను వేస్తే తిరుగుతుంది. తెలుగింట పుట్టిన ఏ పిల్లకైనా తెలిసిన సంగతి. నాకు తెలియదా? ఇంగ్లీషు కాగితం మీద కళ్ళు పెట్టి, ఓపెన్ అన్నదానికి "తీసి" అని పెట్టేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

పోయిన వారం మంగళవారం, రెండో తేదీన, మాదాపూర్‌లో ఒక పెద్ద భవనం కింద జనరేటర్ గదిలో పని మొదలైంది. నేలకింద మాకు అదే మొదటి పని. అంతకుముందు చేసినవన్నీ తెరిచిన షెడ్లలోనే. సాయిలన్న బోర్డు ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అందరికీ వినపడేలా చదివాడట. మూడు నెలలుగా సాయంత్రం బడికి పోయి చదువు నేర్చుకుంటున్నాడు, పెద్దగా చదవడం ఆయనకి సరదా. తోడు పనిచేసే వేణు, ఇద్దరు పిల్లల తండ్రి, "ఫ్యాన్ ఎందుకన్నా బంద్ చేసుడు?" అని అడిగాడట. "ఐసు కద, గాలికి కరిగిపోతదేమో. బోర్డుల ఊకనే రాస్తరా?" అని సాయిలన్న తనే వెళ్ళి స్విచ్చి ఆపాడు. తలుపు మాత్రం బార్లా తీసి పెట్టాడు. రెండూ బోర్డు చెప్పినట్టే చేశాడు.

ముప్పావుగంట తర్వాత గింజల డబ్బా కోసం పైకి వెళ్ళిన వేణు తిరిగొచ్చేసరికి సాయిలన్న జనరేటర్ మూల బోర్లా పడి ఉన్నాడు. నుదురు ఇనప దిమ్మెకి తగిలి చీలింది. వేణు, వాచ్‌మన్ ఊపిరి బిగబట్టి కాళ్ళు పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చారు. తొమ్మిది కుట్లు పడ్డాయి. దవాఖానలో మూడు రోజులు ఉంచారు. దేవుడి దయవల్ల బతికాడు.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకుని మీకు నాలుగు లైన్లు రాసి ఊరుకునేదాన్ని. తర్వాత నేను చేసింది పొరపాటు కాదు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళిపోయారు. వేణు ఏడుస్తూ, "బోర్డు సదివి అన్ననే ఫ్యాన్ బంద్ చేసిండు మేడమ్" అన్నాడు. బోర్డు వంక చూశాను. వేణుకి చదువు రాదు. ఫిలిప్ అన్న దవాఖానలో ఉన్నాడు. ఇంకెవరూ బోర్డు సరిగ్గా చూడలేదు. దాన్ని కొక్కెం మీంచి దించి, ఆటోలో పెట్టుకుని మదీనాగూడ పోయి, ఆ ఒక్క లైను చెరిపించి మళ్ళీ రాయించాను. "తలుపులు తీసి, ఫ్యాన్లు వేసి ఉంచాలి." ఇంకెవరి ప్రాణం మీదికీ రాకూడదని చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే. కానీ అయిదింటికల్లా దాన్ని అదే కొక్కేనికి తగిలించి, ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగి చూసింది కూడా నేనే.

మర్నాడు ఆ భవనం సేఫ్టీ ఆఫీసరు వచ్చి బోర్డు చదివాడు. "ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఫ్యాను ఆపాడంటే, వాడు తాగైనా ఉండాలి, పొగరైనా అయి ఉండాలి" అన్నాడు. సాయిలన్న కల్లు కూడా ముట్టడు. ఫిలిప్ అన్న తల వంచుకున్నాడు. నేను ఆ ఆఫీసరు అడిగిన కాగితాలు తీసిచ్చాను. ఇరవయ్యో తేదీ శనివారం విచారణ ఉంది. తప్పు సాయిలన్నదే అని తేలిస్తే ఆయన్ని పనిలోంచి తీసేయాలి. ఇక్కడి ఏ భవనంలోకీ రానివ్వరు. ఆయన మళ్ళీ ఆ ఇసుక దగ్గరికే పోవాలి. నేను నిజం చెబితే ఫిలిప్ అన్న కాంట్రాక్టు పోతుంది, నన్ను పిలిచి ఉద్యోగమిచ్చిన మనిషి ఆయన. ఆఫీసరు చదివింది విన్నాక వేణు కూడా అన్నే తప్పు చదివాడనుకుని, ఇప్పుడు కనపడ్డవాళ్ళందరితో, "పలక పట్టి మూడు నెలలు గాలే, బోర్డులు సదువుతడట" అని ఎగతాళి చేస్తున్నాడు. నేను వింటూ ఫైళ్ళు సర్దుకుంటున్నాను. ప్రతి పూటా ఆఫీసులో ఫిలిప్ అన్న సాయిలన్న కోసం ప్రార్థన చేయిస్తున్నాడు, నేను కళ్ళు మూసుకుని ఆమేన్ అంటున్నాను. ఛీ, నా బతుకు.

ఏం చేయమంటారు? మీరేం చెబుతారో నాకు తెలుసు. అయినా మీ చేత్తో రాసి పంపండి.

మీ కూతురు,
జాయ్స్


గుంటూరు,
శనివారం, 13 ఫిబ్రవరి

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు తండ్రిలా చదివాను. మూడోసారి ప్రూఫు చదివినట్టు చదివాను. మొదటి తప్పుకి నిన్ను తిట్టను. ముప్ఫై రెండేళ్ళుగా తప్పులు పట్టి బతుకుతున్నాను, తప్పు చేయనివాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. నా చేతుల మీదుగానే ఒక పెళ్ళిపత్రికలో వివాహ విందు కాస్తా వివాద విందై వెయ్యి కాపీలు ఊరంతా పంచారు. పెళ్ళికూతురి తండ్రి ప్రెస్సుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. తప్పు నాదేనండీ అన్నాను. ఆయన చొక్కా వదిలేశాడు. గుండీ ఒకటి పోయింది, అంతే.

రెండోదానికి తిడుతున్నాను. పుస్తకంలో తప్పులు పడితే చివర తప్పొప్పుల పట్టిక వేస్తాం. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నా పక్కన కాపీ పట్టుకుని చదువుతూ, "ఒప్పు వేస్తే చాలదా నాన్నా, తప్పు మళ్ళీ అచ్చేయడం సిగ్గు కదా?" అని అడిగావు. అప్పుడేం చెప్పానో గుర్తులేదు. ఇప్పుడు చెబుతున్నాను విను. ఆ తప్పును నిజమని నమ్మి చదివినవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. లోపం తనది కాదని వాడికి తెలియాలి. నువ్వు ఎడమవైపు వరస మొత్తం చెరిపేసి, కుడివైపుది మాత్రమే అచ్చేశావు. చదివినవాడు ఏమైపోతాడని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

ఫిలిప్ మంచివాడు, అతను నష్టపోతే నాకూ బాధే. కానీ అతని ఋణం నువ్వు ఇంకొకడి నెత్తిన పెట్టి తీర్చకూడదు.

విచారణ దాకా ఆగవద్దు. ముందు ఆ మనిషి ఇంటికి పో. ఆఫీసులో చెప్పడం సులువు, మధ్యన బల్ల అడ్డం ఉంటుంది. ఇంట్లో అయితే ఆయన మొహం చూస్తూ చెప్పాలి. మీ అమ్మకి చదివి వినిపించాను. "అది అన్నం తింటోందో లేదో అడగండి" అంది.

ప్రభువు నీకు ధైర్యమిచ్చుగాక.

నాన్న,
జ్ఞానప్రకాశం


హఫీజ్‌పేట్,
ఆదివారం, 21 ఫిబ్రవరి

నాన్నగారికి,

మీరు ఆత్రపడుతుంటారు కాబట్టి విచారణ సంగతి ముందు చెప్పేస్తాను. చెప్పాను. మొదటి బోర్డులో ఏముందో, దాన్ని ఎవరు మార్పించారో, ఎన్ని గంటలకి మార్పించారో, అంతా చెప్పాను. ఆఫీసరు నమ్మలేదు. "మీ మనిషిని కాపాడుకోవడానికి కథ అల్లుతున్నారేమో, రుజువేది?" అన్నాడు. రుజువు ఉంది. అది ఎలా దొరికిందో కింద రాస్తాను. దాన్ని చూశాక ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. సాయిలు తప్పేమీ లేదని కాగితం మీద రాసిచ్చారు. పని ఒక నెల ఆపమన్నారు. ఈలోపల కంప్రెసర్ నడిస్తేనే ఫ్యానూ నడిచేలా రెండింటినీ కలిపేయాలి, ఫ్యానుకి వేరే స్విచ్చి ఉండకూడదు. గాలి చెడితే కూతపెట్టే పరికరం ఒకటి నేల దగ్గర పెట్టాలి. ఏ బోర్డు రాసినా ముందు పనిచేసేవాళ్ళ చేత చదివించి, వాళ్ళకేం అర్థమైందో అడిగాకే తగిలించాలి. ఇన్ని షరతులు పెట్టారు గానీ కాంట్రాక్టు పోలేదు.

నా ఉద్యోగం పోయింది. ఫిలిప్ అన్న మెట్ల దగ్గర ఆగి, "తప్పు రాసినందుకు కాదు జాయ్స్. ఇన్ని రోజులూ నా పక్కన కూర్చుని ప్రార్థన చేశావు చూడు, అందుకు" అని, "రేపట్నుంచి రాకమ్మా" అన్నాడు. ఆయన్ని ఒక్క మాట అనడానికి నాకు మొహం లేదు. వేరే పని వెతుక్కుంటాను. మీరు బెంగపడకండి, అన్నం తింటున్నానని అమ్మకి చెప్పండి.

ఇక అసలు సంగతి. గురువారం సాయంత్రం పుప్పాలగూడ వెళ్ళాను. మీరు చెప్పకపోతే వెళ్ళేదాన్ని కాదు, నిజం చెబుతున్నాను. దవాఖానకి ఒకసారి బత్తాయిలు పట్టుకుని వెళ్ళి, ఆయన నిద్రపోతుంటే తలగడ పక్కన పెట్టి పారిపోయి వచ్చినదాన్ని. సాయిలన్న భార్య సక్కుబాయి వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, నుదుటి మీద గాటు ఇంకా పచ్చిగానే ఉంది. నన్ను చూసి గబగబా లేచి మంచం దులిపాడు.

"కూసోండ్రి మేడమ్. సక్కూ, చాయ పెట్టు."

నేను నోరు తెరిచేలోపలే ఆయన మొదలుపెట్టాడు. "నా తోని మీకు, ఫిలిప్ సారుకు మాట వచ్చింది. జర మాఫ్ చెయ్యండ్రి. వచ్చీరాని సదువుతోని ఎచ్చులకు పోయిన."

నాన్నగారూ, నేను క్షమాపణ చెప్పడానికి వెళితే ఆయన నన్ను అడుగుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"బడికి గూడ వోతలేడు మేడమ్" అంది సక్కుబాయి. "ఇదివరకు బస్సు మీద పేర్లు, సబ్బు కాయిదం, ఏది దొరికితే గది సదివేటోడు, నా పానం తీసేటోడు. ఇప్పుడు నోరే ఇప్పుతలేడు. గా బుక్కు ముంగటేస్కొని కూసుంటడు, గంతే."

బుక్కు చూపించమన్నాను. ఆయన సిగ్గుపడుతూనే ఇచ్చాడు. ఎక్కడ ఏం చదివినా రాత్రికి గుర్తుచేసుకుని అందులో రాసుకోవడం అలవాటట. పని మొదలవడానికి ముందురోజే బోర్డు తగిలించాం, అప్పుడే నాలుగు లైన్లూ చూసి రాసుకున్నాడు. పైన తేదీ కూడా వేశాడు. నాలుగో లైనులో నా తప్పు ఉన్నదున్నట్టు ఉంది, వంకర టింకర అక్షరాలతో, ఒక్క పొల్లు కూడా పోకుండా. "తలుపులు, ఫ్యాన్లు తీసి ఉంచాలి." దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. శనివారం ఆఫీసరు ముందు పెట్టింది ఈ పేజీనే.

"దవాఖానకెల్లి వచ్చినంక ఆఫీసరు సారు నన్ను బోర్డు ముంగట నిలవెట్టి సదువుమన్నడు" అన్నాడు సాయిలన్న. "ఫ్యాన్లు వేసి అని ఉన్నది మేడమ్. నా కండ్లు నేనే నమ్మలే. సదువుడు తప్పే, రాసుకున్నది గూడ తప్పే. గందుకే కొట్టేసిన. తప్పు రాస్తే యాభై సార్లు రాయాలంటడు మా మాస్టరు. రాసిన."

పేజీ తిప్పాను. "తలుపులు తీసి, ఫ్యాన్లు వేసి ఉంచాలి." మళ్ళీ అదే. మళ్ళీ అదే. పక్కన అంకెలు వేసుకుంటూ నాలుగు పేజీలు రాశాడు. కుట్లు ఇంకా తడి ఆరకుండానే, నా తప్పుకి ఆయన శిక్ష రాసుకున్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఏడుస్తూనే చెప్పాను. "అన్నా, మీరు సరిగ్గానే చదివారు. ఆ రోజు బోర్డు మీద ఉన్నది తీసి అనే. తప్పు రాసింది నేను. మీరు పడిపోయాక, ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి మార్పించిందీ నేనే."

సక్కుబాయి చేతిలో చిక్కుడుకాయలు చేటతో సహా కింద పెట్టేసింది. "నా మొగడు సచ్చి బతికిండు. తాగి పడ్డడని పేరు వెట్టిండ్రు. వాడకట్టుల తలెత్తుకోలేక సస్తున్నం. నువ్వు సదువుకున్నదానివే కదనమ్మా, నోరెట్ల మూసుకున్నవ్?" అని గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళు తొంగిచూశారు. అరవనీ అనుకున్నాను. నాకు అదే కావాలి, ఇంకా నాలుగు అంటే బాగుండు అనిపించింది.

"ఆగు సక్కూ" అన్నాడు సాయిలన్న. పుస్తకం నా ఒళ్ళోంచి తీసుకుని, ఆ కొట్టేసిన మాట మీద వేలు పెట్టాడు.

"గిది తీసి అనే ఉండెనా మేడమ్?"

"తీసి అనే ఉంది."

"ఫ్యాన్లు తీసి?"

"అవునన్నా."

"అంటే నేను సదివింది కరెక్టేనా?"

"కరెక్టే."

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? సక్కూ, ఇన్నవా? నాకు సదువొచ్చింది! తప్పుగూడ తప్పు లేకుంట సదివిన!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నామీద కోపం లేదు నాన్నగారూ, అసలు నేను అక్కడ ఉన్నానన్న ధ్యాసే లేదు. సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆయన తిట్టి ఉంటే ఆ తిట్లు మోసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఈ నవ్వును ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

కాసేపటికి ఆయన చూరులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, మళ్ళీ ఆ పేజీకి తిప్పి, కొట్టేసిన లైను చూపించాడు.

"దీనికి రైటు కొట్టుండ్రి మేడమ్."

కొట్టాను.

మీ
జాయ్స్